తుంటి మారింది, నడుము ఒప్పుకోవడం లేదు

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినబడుతోందా? సరే. ఎక్కువసేపు కూర్చోలేని వాళ్లు లేచి నాలుగడుగులు వేసి రండి, నేనేమీ అనుకోను. ఈ సభలో ఎవరూ కదలకుండా కూర్చుంటేనే నాకు అనుమానం. (నవ్వులు)

నేను ఫిజియోథెరపిస్టుని. తుంటి మార్పిడి అయినవాళ్లని మంచం మీంచి లేపి మొదటి అడుగు వేయించడం నా పని. ఆ రోజు దాదాపు అందరూ చెప్పే మాట ఒకటే, "ఆ పాత నొప్పి లేదండీ" అని. కుట్లు నొప్పి పెడుతుంటాయి, కాలు బరువుగా ఉంటుంది, అయినా ఏళ్లుగా గజ్జలో పొడిచిన ఆ నొప్పి మాత్రం మాయమైపోతుంది. మొహాల్లో ఆ వెలుగు చూడ్డానికే నేనీ వృత్తిలో ఉన్నానేమో అనిపిస్తుంది. నెలో రెండు నెలలో గడిచాక వాళ్లలోనే కొందరు మళ్లీ వస్తారు. ఈసారి చెయ్యి తుంటి మీద ఉండదు, నడుం మీద ఉంటుంది. "కాలు బ్రహ్మాండంగా ఉందండీ, నడుమే పట్టేసింది. కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తే ఒక్క దెబ్బకి సర్దేస్తాడంటున్నారు. వెళ్లొచ్చా?"

కైరోప్రాక్టర్ అంటే వెన్నుపూసల్ని చేత్తో నొక్కి సర్దే వైద్యుడు. ఈ ప్రశ్నకి నేను చాలా ఏళ్లు ఒకే ఒక్క ముక్క జవాబు చెప్పాను. "వద్దు." నాకు సులువు, అడిగినవాళ్లకి పనికిరాదు. నొప్పి ఉన్నవాడు "వద్దు" అంటే ఆగుతాడా? నాకు చెప్పకుండా వెళ్తాడు. ఒక పెద్దాయన అలాగే వెళ్లారు. ఆపరేషన్ అయి రెండు నెలలు కూడా కాలేదు. అక్కడ నడుము నొప్పి అని చెప్పారు గానీ తుంటి సంగతి చెప్పలేదు. "అదేంటండీ, చెప్పాలి కదా" అంటే, "ఆయన నడుం గురించి అడిగాడు, తుంటి గురించి అడగలేదుగా" అన్నారు. (నవ్వులు) నవ్వండి, పరవాలేదు, ఇప్పుడు ఆయన కూడా నవ్వుతారు. ఆ రోజు పక్కకి పడుకోబెట్టి, పైకాలు మడిచి, మోకాలు మీద బరువు వేయబోతుంటే ఈయన ఒక్క కేక పెట్టి లేచి కూర్చున్నారట. కీలు తప్పలేదు, అంతవరకు అదృష్టం. అప్పటినుంచి నేను "వద్దు" అనడం మానేశాను. ఎందుకు, ఎప్పుడు, ఎలా అన్నది విప్పి చెప్తున్నాను. ఇవాళ మీకు చెప్పబోయేదీ అదే.

ముందు నడుము ఎందుకు నొప్పెడుతోందో చూద్దాం. తుంటి అంటే బంతి, గిన్నె. బంతి తొడ ఎముక కొసన ఉంటుంది. గిన్నె కటి ఎముకలో ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, మీ వెన్నెముక దేనిమీద నిలబడి ఉంది? అదే కటి మీద. కింద తుంటి, పైన నడుము, రెంటికీ మధ్య గోడ ఒకటే. ఒక పక్క మేకు కొడితే రెండో పక్క సున్నం రాలినట్టు, తుంటిలో ఏం జరిగినా నడుముకి తెలుస్తుంది.

కీలు అరిగిన ఏళ్లలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. తుంటి బిగుసుకుపోయి కాలు వెనక్కి వెళ్లడం మానేసింది. నడవాలంటే కాలు వెనక్కి వెళ్లాలి కదా, తుంటి ఇవ్వని ఆ కదలికని నడుము ఇచ్చింది. కటి ముందుకి వంగింది, నడుములో వంపు ఎక్కువైంది, వెన్నుపూసల వెనకవైపు చిన్న కీళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. మీకు తెలియకుండా మీ నడుము పదేళ్లపాటు తుంటి చాకిరీ కూడా చేసింది. ఈ రెంటి లంకెకి 1983లో ఆఫియెర్స్కీ, మక్నాబ్ అనే ఇద్దరు వైద్యులు "హిప్ స్పైన్ సిండ్రోమ్" అని పేరు పెట్టారు.

సర్జన్ వచ్చి గంటా రెండు గంటల్లో కీలు మార్చేశాడు. పదేళ్ల అలవాటు ఆ రెండు గంటల్లో పోతుందా? పోదు. కీలు కొత్తది, కండరాలు పాతవి, నడక పాతది. కొత్త కీలు కాలుని వెనక్కి పోనిస్తుంది, తొడ ముందువైపు కండరం పోనివ్వదు. పొట్టిబడిపోయి ఉంటుంది అది. దాని ఒక కొస నడుము పూసలకే అతుక్కుని ఉంటుంది, అందుకని అది లాగితే నొప్పి నడుములో తెలుస్తుంది.

అందరికీ ఇలా అవుతుందని భయపడొద్దు. చాలామందికి తుంటి బాగయ్యాక నడుము కూడా తేలిక పడుతుంది. 2007లో 25 మందిని ఆపరేషన్‌కి ముందు, తర్వాత పరీక్షించి చూసిన ఒక అధ్యయనం వచ్చింది. తుంటి మార్చాక వాళ్ల నడుము నొప్పి కూడా తగ్గింది. చిన్న అధ్యయనమే, అయినా మేం రోజూ చూసేది అదే. ఇక్కడికి వచ్చింది ఆ తగ్గని మిగతావాళ్లు.

ఇప్పుడు కాలు పొడుగు సంగతి. "ఆ కాలు పొడుగైపోయిందండీ" అన్న ఫిర్యాదు ఎంతమందికి ఉంది? చేతులెత్తండి. చూశారా, సగానికి సగం. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి నిజంగా ఎముక పొడవులో తేడా. రెండోది, ఎముకలు సమానమే గానీ కటి ఒక పక్కకి ఒరిగి ఉండటం వల్ల పొడుగనిపించడం. అరిగిన తుంటి ఏళ్లతరబడి పొట్టిబడుతూ వచ్చింది, శరీరం దానికి సర్దుకుంది. సర్జన్ సరైన పొడవుకి తెచ్చిపెడితే, ఆ సరైనదే మీకు ఎక్కువ అనిపిస్తుంది. ఈ రెండో రకం నెలల మీద తగ్గిపోతుంది. అందుకే మొదటి వారంలోనే చెప్పులో మడమ కింద దిమ్మ పెట్టించుకోకండి. తొందరపడి పెడితే ఒరిగిన కటి అలాగే ఉండిపోతుంది. మూడు నుంచి ఆరు నెలలు చూసి, కొలిచి, అప్పుడు. సెంటీమీటరు లోపు తేడాని చాలా శరీరాలు పట్టించుకోవు కూడా.

"నీ కాలు పొట్టిగా ఉంది, చూడు" అని బల్ల మీద పడుకోబెట్టి రెండు మడమలూ పక్కపక్కన పెట్టి చూపించి, ఒక్క నొక్కు నొక్కి "ఇదిగో సమానమైంది" అనేవాళ్లు ఉన్నారు. పడుకున్న మనిషి కటి కాస్త కదిలినా మడమలు అటూ ఇటూ అవుతాయి. అది కొలత కాదు, గారడీ. కొత్త కీలు పొడవుని చేత్తో నొక్కి ఎవరూ మార్చలేరు.

నడుము నొప్పికి మూడో కారణం పిరుదు కండరం. ఒంటికాలి మీద నిలబడినప్పుడు కటి రెండో పక్కకి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. అది బలహీనపడితే అడుగడుక్కీ కటి పడిపోతుంది, పడిపోకుండా ఒళ్లంతా ఒక పక్కకి ఊగుతుంది. ఆ ఊపు మోసేది నడుమే. ఈ లక్షణాన్ని 1895లో ట్రెండెలెన్‌బుర్గ్ అనే జర్మన్ సర్జన్ వివరించాడు. 1895 విచిత్రమైన ఏడాది. ఆ నవంబర్ 8న రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాలు కనిపెట్టాడు. అంతకు దాదాపు రెండు నెలల ముందు, సెప్టెంబర్ 18న, అమెరికాలో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన, చెవులు వినబడని ఒక పనివాడి వీపు మీద నొక్కి వినికిడి తెప్పించానని ప్రకటించాడు. కైరోప్రాక్టిక్ అక్కణ్ణుంచి మొదలైంది. ముగ్గురూ ఒకే ఏడాది! ఒకాయన నడక చూశాడు, ఒకాయన లోపల ఎముక చూశాడు, ఒకాయన చెయ్యి వేశాడు. మన నడుముకి ఈ మూడూ అదే వరసలో జరగాలని నా అభిప్రాయం. ముందు నడక చూడాలి, తర్వాత అవసరమైతే ఎక్స్‌రే, ఆ తర్వాతే చెయ్యి. జనం తిరగేసి వెళ్తారు.

వెన్ను సర్దితే చెవుడు పోతుందన్న పామర్ మాటని ఇవాళ బుద్ధిగా చదువుకున్న కైరోప్రాక్టర్లు కూడా నెత్తికెత్తుకోరు. నడుము నొప్పి దగ్గర మాత్రం వాళ్ల పద్ధతికి కొంత ఆధారం ఉంది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించమన్న వాటిలో వెన్నుని చేత్తో సర్దడం కూడా ఉంది. 2016లో బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ ఒప్పుకుంటూనే ఒక మెలిక పెట్టింది. చేతి వైద్యం ఒక్కటే చాలదు, వ్యాయామంతో కలిపి చేస్తేనే అంది. ఆ మెలికే అసలు సంగతి. ఇంకోటి గుర్తుంచుకోండి, ఆ సలహాలు మామూలు నడుము నొప్పి గురించి. లోపల లోహపు కీలు ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు.

ఫట్‌మని చప్పుడు వస్తుంది కదా, అదేంటి? "పక్కకి జరిగిన పూస లోపలికి వెళ్లింది" అంటారు. కాదు. మీరు వేళ్లు మెటికలు విరుచుకుంటారే, అదే ఇది. కీలు లోపల జిగురు నీరు ఉంటుంది, కీలు చటుక్కున విచ్చుకున్నప్పుడు అందులో గాలి బుడగ పుడుతుంది. 2015లో కెనడాలో అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు ఒక మనిషి వేళ్లు ఎమ్మారై యంత్రంలో పెట్టి లాగి, మెటిక విరిగే క్షణంలో బుడగ ఏర్పడటం చూశారు కూడా. మెటిక విరిస్తే వేలు హాయిగా ఉంటుంది, కాసేపు. నడుముకీ అంతే, కండరం సడలుతుంది, కదలిక వస్తుంది. ఆ హాయి దొంగది కాదు. ఆ హాయిలో మీరు లేచి సరిగ్గా నడిస్తే లాభం. ఇంటికెళ్లి పడుకుంటే మళ్లీ మెటిక కోసం వెళ్లాల్సిందే.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి.

తుంటి కీలుని వెనకవైపు నుంచి తెరిచి మార్చినవాళ్లకి సర్జన్ మూడు నిషేధాలు చెప్తాడు. తుంటిని తొంభై డిగ్రీలు దాటి మడవొద్దు. ఆ కాలుని రెండో కాలు మీదికి దాటించొద్దు. మోకాలు లోపలికి తిప్పొద్దు. ఈ మూడూ ఒకేసారి జరిగితే బంతి గిన్నెలోంచి వెనక్కి జారిపోతుంది. తెగిన కండరాలు, కీలు చుట్టూ పొర అతుక్కునే మొదటి మూడు నెలల్లో ఈ ప్రమాదం ఎక్కువ.

ఇప్పుడు నడుము సర్దే అతి మామూలు భంగిమ చూపిస్తాను. ఆ బల్ల ఇటు జరపండి బాబూ. ఇదిగో, పక్కకి పడుకున్నాను. కింది కాలు చాచి ఉంది. పైకాలు ఏం చేస్తారు? మోకాలు మడిచి పొట్ట వైపుకి తెస్తారు. అంటే మడత. ఆ మోకాలు బల్ల అంచు దాటి కిందికి వేలాడుతుంది. అంటే దాటడం. నా భుజం వెనక్కి నెట్టి, తుంటిని తన వైపు లాగి, మోకాలు మీద తన బరువు ఆనిస్తాడు. అంటే లోపలికి తిరగడం. లెక్క పెట్టారా? మూడు నిషేధాలూ మూడు సెకన్లలో అయిపోయాయి. పైగా ఆ చివర ఒక కుదుపు.

ఆ వైద్యుడిది చెడ్డ చెయ్యి అనడం లేదు. ఆయన నడుముని సర్దుతున్నాడు, కానీ మీ కాలుని మీటగా వాడుకుంటున్నాడు. మీట కొసన ఉన్నది మీ కొత్త కీలు. నడుం మీద చెయ్యి వేయించుకోవచ్చు, కాలుని మీట చేయనివ్వకూడదు. నేను ఇన్నేళ్లకి తెలుసుకున్నది ఇదే.

ముందువైపు నుంచి తెరిచినవాళ్లకి లెక్క తిరగబడుతుంది. వాళ్లకి కాలు బాగా వెనక్కి లాగి, పాదం బయటికి తిప్పితే ప్రమాదం. కనక బోర్లా పడుకోబెట్టి తొడ పట్టుకుని పైకెత్తి నడుం మీద నొక్కే పద్ధతి వాళ్లకి కుదరదు. అందుకే మీ తుంటిని ఎటునుంచి తెరిచారో మీకు తెలిసి ఉండాలి. ఎంతమందికి తెలుసు? ...ఆరుగురు. తక్కిన వాళ్లు ఇంటికెళ్లగానే డిశ్చార్జి కాగితం తీసి చూడండి.

ఈ కథకి రెండో వైపు కూడా ఉంది. నిలబడ్డ మనిషి కూర్చున్నప్పుడు కటి దాదాపు ఇరవై డిగ్రీలు వెనక్కి వాలుతుంది. అలా వాలినప్పుడు గిన్నె నోరు ముందుకి తెరుచుకుని తొడకి చోటిస్తుంది. నడుము కొయ్యబారితే, లేదా నడుములో పూసలు కలిపి బిగించే ఆపరేషన్ అయి ఉంటే, ఈ వాలడం తగ్గిపోతుంది. తొడ ఎముక గిన్నె అంచుకి తగులుతుంది. నడుము ఆపరేషన్ అయినవాళ్లలో కొత్త తుంటి జారే అవకాశం ఎక్కువని సర్జన్లు ఇప్పుడు ముందే లెక్క వేసుకోవడం అందుకే. నడుముని వదిలేయడం కూడా తుంటికి మంచిది కాదు. మెత్తగా ఉంచుకోవాలి, అయితే మొరటుగా కాదు.

మొరటు కాని పద్ధతులు కైరోప్రాక్టర్ల దగ్గరే ఉన్నాయి. బోర్లా పడుకుంటే బల్ల కింది సగం మెల్లగా కిందికి వాలుతూ నడుముని సాగదీసే పద్ధతి ఒకటి. బల్లలో ఒక ముక్క కొంచెం పైకి లేపి ఉంచి, నొక్కగానే టప్‌మని దిగిపోయేది ఒకటి, అందులో చేతి బలం తక్కువ చాలు. స్ప్రింగుతో చిన్న తాకిడి ఇచ్చే చేతి పరికరం ఉంది. కండరాలు పిసికి సడలించడం ఉంది. వీటిలో మహిమ ఉందనడం లేదు, కాలు జోలికి పోవంటున్నాను. అదైనా మొదటి మూడు నెలలు దాటాక, సర్జన్ సరే అన్నాక. అప్పటిదాకా నడక, వేడి కాపడం, మేం చెప్పే వ్యాయామం.

గదిలోకి వెళ్లగానే, ఆయన అడిగినా అడక్కపోయినా చెప్పండి: ఏ తుంటి, ఏ నెలలో మార్చారు, ఎటునుంచి తెరిచారు, రక్తం పలచబడే మందు వాడుతున్నారా. ఆపరేషన్ తర్వాత గడ్డలు కట్టకుండా ఆ మందు ఐదు వారాల దాకా ఇవ్వడం మామూలే, కొందరికి గుండె కోసం ఎప్పుడూ ఉంటుంది. ఎముకలు గుల్లబారాయని ఎవరైనా చెప్పి ఉంటే అదీ చెప్పండి. గుల్ల ఎముక కుదుపుకి కుంగిపోతుంది. ఇవన్నీ విన్నాక కూడా "ఏం పరవాలేదు, పక్కకి పడుకో" అంటే, నమస్కారం పెట్టి వచ్చేయండి. అమెరికాలో 1913లో కాన్సస్ నుంచి 1974లో లూసియానా దాకా ఒక్కో రాష్ట్రం ఈ వృత్తికి చట్టం చేస్తూ వచ్చింది. చట్టం లేని చోట బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు, కనక చదువు ఎక్కడ చదివారో అడగడం తప్పు కాదు.

కొన్ని నొప్పులు అసలు నడుమువి కావు, అక్కడికి తీసుకెళ్లకూడదు. జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము కారడం ఉంటే ఇన్‌ఫెక్షన్ అనుకోవాలి. కుర్చీలోంచి లేచి మొదటి నాలుగడుగులకే తొడలో పొడిచి, తర్వాత సర్దుకునే నొప్పి కీలు వదులైనప్పుడు వస్తుంది. గజ్జలో నొప్పి తుంటిదే అనుకుని ముందు సర్జన్‌కి చూపించాలి. పిక్క వాచి నొప్పెడితే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. ఒక్కసారిగా కాలు పొట్టై, అడుగు వేయలేకపోతే కీలు జారింది, అంబులెన్సే. మర్మాంగాల చుట్టూ మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా, పాదం వేలాడిపోయినా అదే రోజు ఆసుపత్రి. రేపు చూద్దాంలే అనకండి.

వ్యాయామం ఒక్కటే చూపిస్తాను, పది చూపిస్తే ఒక్కటీ చేయరు. (నవ్వులు) వంటగట్టో, బరువైన బల్లో రెండు చేతులతో పట్టుకోండి. ఆపరేషన్ అయిన కాలి మీద నిలబడి, మంచి కాలు పక్కకి జానెడు లేపండి. అందరూ తిరగేసి చేస్తారు, ఆపరేషన్ కాలు లేపుతారు. లేచే కాలు కాదండీ, నిలబడ్డ కాలి పిరుదు పని చెయ్యాలి. నడుము ఊగకూడదు. పది సార్లు, రోజుకి రెండు పూటలు. ఆ కాలి మీద పూర్తి బరువు వేయొచ్చని సర్జన్ చెప్పాకే సుమా.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండమ్మా.

(ఒక శ్రోత: నడుముకి కరెంటు పెడతారు కదండీ, లోపల లోహం ఉంది, ఫరవాలేదా?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. వేడినీళ్ల సంచీ కాపడం పైపైనే ఉంటుంది, పరవాలేదు. లోపలి దాకా వేడి పుట్టించే షార్ట్‌వేవ్ యంత్రం మాత్రం తుంటి దగ్గర పెట్టించుకోవద్దు, లోహం వేడెక్కి చుట్టూ కండ కాలుతుంది. ప్యాడ్లు అంటించే ముందే "లోపల లోహపు కీలుంది" అనండి.

ఇంకా? ఆ మూల పెద్దాయన, మీరు.

(మరో శ్రోత: నాకు ఆపరేషనై ఎనిమిది నెలలైంది. కాలు ఇంకా పొడుగనిపిస్తోంది. సర్దించుకుంటే పోతుందా?)

ఎనిమిది నెలలంటే ఇక ఊహించక్కర్లేదు బాబాయిగారూ, కొలవొచ్చు. సంచీలో చెక్కముక్కలు తెచ్చాను, ఒక్కోటి అర సెంటీమీటరు మందం. పొట్టి కాలి కింద ఒక్కోటీ పెడుతూ వెళ్తాం, ఎక్కడ కటి సమానంగా నిలుస్తుందో, మీకు ఎక్కడ హాయిగా ఉందో అక్కడ ఆగుతాం. రెండు ముక్కల లోపే ఆగితే పిరుదు వ్యాయామం చాలు. మూడో ముక్క అవసరమైతే ఎక్స్‌రే తీయించి, సర్జన్‌తో మాట్లాడి, అప్పుడు చెప్పులో దిమ్మ సంగతి చూద్దాం. చెప్పులు విప్పి ఇలా రండి. మెల్లగా. ఆ కర్ర వదలకండి.